మా టమోటాలు జీఎం అంటున్నారు, చీటీ మీద ఏమని రాయాలి?

మదనపల్లె వైపు ఒక పల్లె నుంచి ఓ సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి మొత్తం వేయడం లేదు, అందులోని సంగతులు చెబుతాను.

ఆమెకు 34 ఏళ్లు. భర్త, ఇద్దరు ఆడపిల్లలు, మామగారు. బోరు కింద మూడున్నర ఎకరాలు. టమోటాయే ఆధారం. మామగారు ఎన్నడూ విత్తనం కొన్న మనిషి కాదు. మంచి చెట్టు చూసి, పండిన కాయ కోసి, గింజ తీసి బూడిదలో ఆరబెట్టి దాచుకునే అలవాటు. ఆ నాటు టమోటాలను ఆమె తమ్ముడు బెంగళూరులో అపార్ట్‌మెంట్లకు అమ్ముతున్నాడు. కొనేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ప్రతి బుట్టలో ఈమె చేత్తో రాసిన చీటీ ఒకటి ఉంటుంది: "నాటు టమోటా. మా ఇంటి విత్తనం. జన్యుమార్పిడి లేనిది."

వరసగా రెండు పంటలు ఆకుముడత అనే వైరస్ తెగులుకు పోయాయి. అప్పు పెరిగింది. ఈసారి భర్త తండ్రికి చెప్పకుండా వైరస్‌ను తట్టుకునే హైబ్రిడ్ (రెండు రకాల్ని కలిపి తీసిన సంకర) విత్తనం కొని, నర్సరీలో నారు పెంచమని ఇచ్చి, ఎకరంన్నరలో నాటారు. కాపు బాగుంది. చీటీ మాత్రం పాతదే వెళ్తోంది.

ఇంతలో బెంగళూరు కొనుగోలుదారుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. వైరస్‌ను తట్టుకునే టమోటాలన్నీ జీఎం, అంటే జన్యుమార్పిడి చేసినవట, వాటిలో వైరస్ జన్యువూ చేప జన్యువూ ఎక్కిస్తారట. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, హైబ్రిడ్ అని ఎవరికీ చెప్పొద్దు, చీటీ ఎప్పటిలాగే రాయి" అన్నాడు. మరదలు మాత్రం ఆ టమోటాలు తన బిడ్డకు పెట్టడం మానేసింది. ఇక్కడ మామగారు హైబ్రిడ్ సాళ్లు చూసి, "మందు విత్తనం ఇంట్లోకి తెచ్చినావు" అని కొడుకుతో మాట్లాడటం మానేశారు.

ఆమె అడిగినవి ఇవి: మా టమోటా జీఎమ్మేనా? పిల్లలకు పెట్టొచ్చా? చీటీ రాస్తే నిద్ర పట్టడం లేదు, మానేస్తే తమ్ముడి వ్యాపారం పోతుంది, ఏం చేయను? ఉత్తరం చివర ఇంకో రెండు వాక్యాలు రాశారు. భర్త స్నేహితుడు వేరే రాష్ట్రం నుంచి వంగ విత్తనం తెచ్చి ఇచ్చాడట. పేరు లేని కవరు, బిల్లు లేదు. పురుగే పట్టదని, మందు కొట్టే పనే ఉండదని చెప్పాడట. నారు పోశారు, ఇంకో రెండు వారాల్లో నాటుతారు. "ఆ వంకాయ చేతికొస్తే అప్పు కొంతైనా తీరుతుందని ఆశ" అని ముగించారు.

అమ్మా, ముందు ఒక మాట. ఆ వంగనారును ఇప్పుడప్పుడే పొలంలోకి దించకండి. ఎందుకో కాస్త ముందుకెళ్లాక వివరంగా చెబుతాను. మీరు భయపడుతున్న టమోటా కన్నా, మీరు ఆశ పెట్టుకున్న ఆ వంగ గురించే నాకు దిగులుగా ఉంది.

ఇక టమోటా. మీరు బిల్లుతో కొన్న ఆ హైబ్రిడ్ జన్యుమార్పిడి పంట కాదు. ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. మన దేశంలో రైతు సాగు చేసుకోవడానికి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట ఇప్పటికీ ఒక్కటే, 2002లో వచ్చిన బీటీ పత్తి. జీఎం ఆవాల రకం డీఎంహెచ్‌-11కు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది కానీ సుప్రీంకోర్టుకెక్కింది. 2024 జూలైలో ఇద్దరు న్యాయమూర్తులు ఏకీభవించక చెరో తీర్పు ఇచ్చారు. కూరగాయల్లో ఒక్కదానికీ అనుమతి లేదు. కాబట్టి లేబులూ లాట్ నంబరూ ఉండి దుకాణంలో అమ్ముతున్న టమోటా ప్యాకెట్ జీఎం అయ్యే దారి లేదు.

మరి ఆ చెట్టుకు వైరస్‌ను తట్టుకునే శక్తి ఎక్కడిది? టమోటాకు అడవి చుట్టాలున్నాయి. పెరూ, చిలీ కొండల వైపు పెరుగుతాయి. కాయలు చిన్నవి, కొన్నింటికి నూగు ఉంటుంది, కూరకు పనికిరావు. కానీ ఆకుముడత వైరస్ వాటిని ఏమీ చేయలేదు. ఆ అడవి మొక్క పుప్పొడిని మన టమోటా పువ్వు మీద వేసి, వచ్చిన పిల్లల్లో తట్టుకునేవాటిని ఏరి, మళ్లీ మంచి టమోటాతో కలిపి, ఇలా తరాల తరబడి చేస్తే కాయ మనదిగానూ ఓర్పు అడవిదిగానూ మిగులుతుంది. దూరపు సంబంధం కలుపుకున్నట్టే. ఇలా వచ్చిన జన్యువులకు శాస్త్రవేత్తలు టీవై-1, టీవై-2, టీవై-3 అని పేర్లు పెట్టారు. బజారులోని వైరస్ తట్టుకునే హైబ్రిడ్లలో చాలావాటికి వీటిలో ఒకటో రెండో ఉంటాయి. బెంగళూరు పక్కన హెస్సరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ కూడా హైబ్రిడ్డే, జీఎం కాదు. అది ఆకుముడత, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది.

గందరగోళం ఎక్కడ పుడుతుందంటే, ఈ ఏరివేతలో ల్యాబ్ ఉంటుంది. చిన్న మొక్క ఆకు తుంచి డీఎన్‌ఏ పరీక్ష చేసి, కావలసిన జన్యువు తల్లి నుంచి దిగిందో లేదో చూస్తారు. చూడటమే, ఎక్కించడం కాదు. మన సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే శక్తి ఇచ్చింది కూడా ఈ పద్ధతిలోనే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు జన్యువుల్ని సంకరంతోనే సాంబ మసూరిలోకి తెచ్చాయి. అందులో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. దాన్ని ఎవరూ జీఎం బియ్యం అనరు, అది జీఎం కాదు కూడా.

వీడియోలో చెప్పింది పూర్తిగా కల్పన అనుకోవద్దు. మరెక్కడో జరిగినదాన్ని తెచ్చి మీ టమోటాకు అంటగట్టారు. చేప జన్యువు సంగతి ఇదీ: 1990ల మొదట్లో అమెరికాలో ఒక సంస్థ చలిని తట్టుకునే చేప జన్యువును టమోటాలో పెట్టి ప్రయోగాలు చేసింది. అది పొలంలో పరీక్షల దగ్గరే ఆగిపోయింది, ఏ బజారుకూ రాలేదు. వైరస్ జన్యువు సంగతి మాత్రం నిజంగా ఉంది, అయితే మీ టమోటాలో కాదు. హవాయిలో పూనా అనే చోట బొప్పాయి తోటల్లోకి 1992లో రింగ్‌స్పాట్ వైరస్ దిగి, కొన్నేళ్లలోనే తోటలు నరుక్కునే పరిస్థితి వచ్చింది. హవాయిలోనే పుట్టిన డెనిస్ గోన్సాల్వెస్ అనే శాస్త్రవేత్త బృందం ఆ వైరస్ పైపొరకు చెందిన జన్యువు ముక్కనే బొప్పాయిలో పెట్టింది. దాంతో చెట్టు ఆ వైరస్‌ను గుర్తుపట్టి, అది పెరగకుండా లోపలే అణచేస్తుంది. 'రెయిన్‌బో' అనే ఆ రకం విత్తనాలు 1998లో రైతులకు ఇచ్చారు. తోటలు నిలబడ్డాయి. కానీ జపాన్ వాళ్లు 2011 దాకా ఆ పండును రానివ్వలేదు. ఇలాగే వైరస్‌ను తట్టుకునే జీఎం గుమ్మడి జాతి కూరగాయ ఒకటి అమెరికాలో 1995 నుంచి అమ్ముతున్నారు. కడప, అనంతపురం బొప్పాయి రైతులకు ఆ రింగ్‌స్పాట్ వైరస్ బాగా తెలుసు. ఆ జీఎం బొప్పాయి మాత్రం మనకు రాలేదు.

పిల్లలకు పెట్టొచ్చా అన్నారు. నిశ్చింతగా పెట్టండి. జన్యువు మాట పక్కన పెడితే, మీ ఇంట్లో నేను అడిగేది ఇంకొకటి: ఆ చెట్లకు చివరిసారి ఏ మందు, ఎప్పుడు కొట్టారు? ప్రతి మందు డబ్బా మీదా కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో రాసి ఉంటుంది. ధర బాగున్నప్పుడు ఆ రోజులు ఆగేవాళ్లు తక్కువ. పోయిన రెండు పంటల్లో ఆకుముడతను మోసే తెల్లదోమ మీద మీ ఆయన ఎన్నిసార్లు స్ప్రే చేశారో గుర్తు తెచ్చుకోండి. ఈసారి ఎన్నిసార్లు తగ్గిందో చూడండి. మీ మరదలు బిడ్డకు నిజంగా ఉపయోగపడే లెక్క అదే.

మామగారన్న "మందు విత్తనం" మాటలో కొంత నిజముంది. ప్యాకెట్‌లో గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉండి ఉంటాయి. అది శిలీంధ్రం పట్టకుండా పూసిన మందు. జన్యుమార్పిడికి గుర్తు కాదు. గింజ ముట్టుకున్నవాళ్లు చేతులు కడుక్కోవాలి, పశువులకూ కోళ్లకూ దొరకనివ్వకూడదు. అంతే.

ఇప్పుడు చీటీ. మీకు నిద్ర పట్టకపోవడం న్యాయమే. మీ చీటీలో మూడు మాటలున్నాయి. హైబ్రిడ్ బుట్టకు సంబంధించినంతవరకు "జన్యుమార్పిడి లేనిది" అన్నది నిజం. "నాటు టమోటా", "మా ఇంటి విత్తనం" అన్న రెండూ నిజం కావు. అందరూ కొట్టుకుంటున్న మాట సరైనదే, ఎవరూ పట్టించుకోని మాటలే తప్పాయి. వీడియో రాకపోయినా ఈ ఇబ్బంది ఉండేదే.

తమ్ముడు చెప్పినట్టు పాత చీటీయే రాస్తూ పోవచ్చు. కొన్నాళ్లు నడుస్తుంది. కానీ నాటు టమోటాతో పప్పూ చారూ చేసుకుంటున్న ఆడవాళ్లకు చీటీ చదవాల్సిన పని లేదు. హైబ్రిడ్ తోలు మందం, కాయ గట్టిది, పులుపు తక్కువ. కత్తిపీట దగ్గరే తెలిసిపోతుంది. ఒకరు అడిగి, రెండోవాళ్లు అడిగి, గ్రూపులో చర్చ మొదలైతే, అప్పుడు మీరు "అది జీఎం మాత్రం కాదండీ" అని నిజం చెప్పినా నమ్మేవాళ్లుండరు. మీ తమ్ముడు కాపాడాలనుకుంటున్న వ్యాపారాన్ని పోగొట్టే దారి అదే.

చీటీ మానేయడం రెండో దారి. మీ చేతికి అబద్ధం అంటదు. కానీ చీటీ ఏదని అడిగితే జవాబు చెప్పాల్సింది తమ్ముడు. మీ చేతి మీది భారం అతని నోటి మీదికి వెళ్తుంది, అంతకు మించి జరిగేదేమీ లేదు.

మూడోది రెండు రకాల బుట్టలు, రెండు రకాల చీటీలు. మామగారి విత్తనంతో పండినదానికి పాత చీటీ, పాత ధర. హైబ్రిడ్‌కు: "హైబ్రిడ్ టమోటా. ఆకుముడత వైరస్‌ను తట్టుకునే రకం. జన్యుమార్పిడి పంట కాదు." ధర కొంచెం తక్కువ. దీనికీ ఖర్చుంది, దాచను. కొందరు హైబ్రిడ్ వద్దంటారు. మిగిలిన కాయ మండీకి వెళ్లాలి. 2023 జూలైలో కిలో 100 దాటించిన మదనపల్లె మండీయే, కాపు ఎక్కువైనప్పుడు కోత కూలి కూడా రాని ధర చూపిస్తుందని మీకు నేను చెప్పేదేముంది. ఆ నష్టం ఎంత ఉండొచ్చో మీ ఆయనా తమ్ముడూ కూర్చుని ముందే లెక్క వేసుకోవాలి. అయినా నా మనసు ఈ మూడో దారి మీదే ఉంది. మీ గిరాకీలో సగంమంది కొంటున్నది టమోటాను కాదమ్మా, మీ చేతిరాతను.

ఇప్పటిదాకా పాత చీటీతో వెళ్లిన హైబ్రిడ్ బుట్టల సంగతి ఒక్కసారి చెప్పేయడం మంచిది. పెద్ద క్షమాపణ పత్రం అక్కర్లేదు. తమ్ముడు గ్రూపులో ఇలా పెడితే చాలు: "రెండు పంటలు ఆకుముడతతో పోవడంతో ఈసారి అక్కావాళ్లు కొంత హైబ్రిడ్ వేశారు. కొన్ని బుట్టల్లో పాత చీటీయే వచ్చింది, అది మా పొరపాటు. ఇది జీఎం కాదు, విత్తనం బిల్లూ ప్యాకెట్ ఫొటో కింద ఉన్నాయి. నాటు కావాలా, హైబ్రిడ్ కావాలా చెప్పండి." ప్యాకెట్టూ బిల్లూ పారేయకుండా దాచండి. లేబుల్ మీద రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, గడువు ఉంటాయి. రేపు పంట తేడా వచ్చినా నష్టపరిహారం అడగడానికి ఆధారం అదే. తమ్ముడు ఇది పెట్టనంటే, బలవంతం చేయకండి. "హైబ్రిడ్ బుట్టకు నాటు అని నేను రాయను" అని మాత్రం స్పష్టంగా చెప్పండి. వాదన పెట్టుకోకండి, కోపం వద్దు. ఆ తర్వాత నిర్ణయం అతనిది.

మామగారి దగ్గర మాత్రం నెమ్మదిగా వెళ్లాలి. ఆయనకు కోపం వచ్చింది హైబ్రిడ్ మీద కాదనిపిస్తోంది నాకు. తనను అడగకుండా తన పొలంలో నాటారని. ఇన్నేళ్లు ఇంటిని పోషించిన విత్తనాన్ని కొడుకు పనికిరానిదిగా లెక్కకట్టాడని. ఆ విత్తనం తప్పేమీ లేదు. ఆకుముడత వైరస్‌ను చెట్టు నుంచి చెట్టుకు మోసేది తెల్లదోమ. చుట్టూ ఊళ్లలో ఏడాది పొడవునా టమోటా ఉంటే, దోమకు ఒక చేను అయిపోగానే పక్క చేను సిద్ధంగా ఉంటుంది. ఆయన గింజ దాచడం మొదలుపెట్టిన రోజుల్లో ఇంత టమోటా లేదు. ఈ మాట మీ ఆయన నోటితో ఆయనకు చెప్పించండి.

ఆయన విత్తనాన్ని కాపాడే పనులు కూడా ఉన్నాయి. నారుమడి మీద దోమ దూరలేనంత సన్నని నైలాన్ వల కట్టండి. వైరస్ లేత నారుకు సోకితేనే ఎక్కువ నష్టం, నాటేదాకా కాపాడితే సగం గెలిచినట్టే. టమోటా చుట్టూ మొక్కజొన్నో జొన్నో ముందుగా నాలుగు సాళ్లు విత్తితే దోమకు కొంత అడ్డు. ముడత కనిపించిన మొక్కను మొదటి వారాల్లోనే పీకేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, పోయిన రెండు పంటల్లోనూ ఆయన చేలో బాగా కాసిన చెట్లు ఏవైనా మిగిలాయేమో ఆయన్నే అడగండి. గింజ వాటి నుంచే తీయాలి. అడవి టమోటా నుంచి వచ్చినంత బలం దానికి రాకపోవచ్చు, ఏళ్లు పడుతుంది, కానీ ఆ చూపు ఆయనకే ఉంది. రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికీ, విత్తుకోవడానికీ, ఇచ్చిపుచ్చుకోవడానికీ 2001 నాటి చట్టమే హక్కు ఇచ్చింది. హైబ్రిడ్ పక్కనుంటే తన విత్తనం చెడిపోతుందని ఆయనకు భయం ఉంటే, టమోటా పువ్వు చాలావరకు తనలో తానే ఫలిస్తుందని చెప్పండి. గింజకు ఉంచే చెట్లు హైబ్రిడ్ సాళ్లకు కాస్త దూరంగా ఉంటే చాలు. హైబ్రిడ్ కాయ నుంచి మాత్రం గింజ తీయొద్దు. మరుసటి పంటలో ఒక్కో చెట్టూ ఒక్కో తీరుగా వస్తుంది.

హైబ్రిడ్‌ను గెలిచిన పందెం అనుకోవద్దని మీ ఆయనకూ చెప్పాలి. వైరస్ తట్టుకోవడమంటే సోకకపోవడం కాదు, సోకినా కాపు నిలబడటం. పైగా వైరస్ మారుతూ ఉంటుంది. టీవై-2 ఒక్కటే ఉన్న రకాలు కొన్ని రకాల వైరస్ ముందు నిలవలేకపోయాయి. బెండలో అర్క అనామిక అనే రకం వచ్చిన కొత్తలో పల్లాకు తెగులుకు ఎంత గట్టిగా నిలిచిందో, తర్వాత అంత తేలిగ్గా లొంగింది. జీఎం అయినా ఇదే వరస. పత్తిలో గులాబీ రంగు పురుగు బీటీని ఎలా దాటిందో మన రైతులందరూ చూశారు. అందుకే వలా, మొక్కజొన్న సాళ్లూ హైబ్రిడ్‌కు కూడా కావాలి.

ఇక వంగ దగ్గరికి వద్దాం. పురుగే పట్టదు, మందే అక్కర్లేదు, పేరు లేని కవరు, బిల్లు లేదు. ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే నాకు బీటీ వంగ గుర్తొస్తుంది. వంగకు ప్రాణాంతకం మొవ్వు, కాయ తొలిచే పురుగు. దాన్ని చంపే ప్రొటీన్ తయారుచేసే జన్యువును నేలలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసి వంగలో పెట్టారు. 2009 అక్టోబరులో కేంద్రం నియమించిన కమిటీ దానికి సరే అంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో సభలు పెట్టి రైతుల మాటా, శాస్త్రవేత్తల మాటా, వద్దన్నవాళ్ల మాటా విని, 2010 ఫిబ్రవరి 9న నిలిపివేశారు. వంగ పుట్టిల్లు మన దేశమే కాబట్టి ఇన్ని వందల నాటు రకాల మీద దాని ప్రభావం తేలాలనీ, స్వతంత్రంగా మరిన్ని పరీక్షలు జరగాలనీ అప్పుడు చెప్పిన కారణాలు. ఆ నిలిపివేత ఈనాటికీ ఉంది. బంగ్లాదేశ్ మాత్రం 2013లో అనుమతించింది, 2014 నుంచి అక్కడి రైతులు పండిస్తున్నారు. అక్కడ విత్తనం ప్రభుత్వ సంస్థ నుంచి వస్తుంది, పురుగు అలవాటు పడకుండా చుట్టూ మామూలు వంగ సాళ్లు వేయమంటారు, అడగడానికి ఒక మనిషి ఉంటాడు. మీ కవరు వెనక ఎవరూ లేరు.

అనుమతి లేకపోయినా విత్తనం రాలేదా అంటే, వచ్చింది. 2019లో హర్యానా ఫతేహాబాద్ జిల్లాలో ఒక పొలంలో బీటీ వంగ బయటపడి, అధికారులు పంట పీకించారు. నష్టపోయింది ఆ రైతు. మీ కవరులో ఉన్నది అదేనని నేను అనలేను. ఆ మాట చెప్పి మామూలు విత్తనం అంటగట్టి ఉండొచ్చు కూడా. రెండిటిలో ఏదైనా మీకు మంచిది కాదు.

జీఎం కూర తిని జనం రోగాల పాలయ్యారని నేను అనను. 2016లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీలు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ చూసి, అనుమతి పొందిన జీఎం ఆహారం మామూలు ఆహారం కన్నా ఎక్కువ హాని చేస్తుందనడానికి ఆధారం కనపడలేదన్నాయి. అక్కడ చూసింది పరీక్షలు దాటి, పేరుతో వచ్చిన రకాల్ని. ఈ కవరులోది ఏ పరీక్షా దాటలేదు. ఎవరు తయారుచేశారో, అందులో ఏముందో చెప్పేవాళ్లు లేరు. పైగా వంగ పువ్వు మీద తేనెటీగ వాలుతుంది, పక్కవాళ్ల నాటు వంగలోకీ కొంత పోతుంది. అన్నిటికీ మించి, ఆ వంకాయ మీ తమ్ముడి బుట్టలోకి వెళ్తే మీరు ఏ చీటీ రాస్తారు? వాళ్లు భయపడుతున్న అబద్ధం అప్పుడు నిజమవుతుంది.

మీ ముందున్న దారులు ఇవి. నారును అక్కడే పీకి, మడిలోనే కాల్చేసి, మిగిలిన గింజ ఎవరికీ ఇవ్వకుండా నాశనం చేయడం ఒకటి. పోయేది కవరు ఖరీదూ నారుమడి శ్రమా. రెండోది, రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుడి దగ్గరికి వెళ్లి, పేరు లేని విత్తనం వచ్చింది, ఏమిటో తేల్చండి అని అడగడం. జన్యుమార్పిడి పంటల్ని పరీక్షించే ల్యాబ్ గుంటూరులో వ్యవసాయ శాఖకు ఉంది. దీనివల్ల ఊళ్లో ఇంకెంతమందికి ఆ కవర్లు చేరాయో బయటపడుతుంది, వాళ్లకూ మేలు. కానీ ఎవరిచ్చారని అడుగుతారు, స్నేహితుడి పేరు వస్తుంది. నాటకముందే మీరుగా వెళ్లడానికీ, కాపు మీద పట్టుబడటానికీ చాలా తేడా ఉంటుంది. ఈ రెండిటిలో ఏది ఎంచుకున్నా నేను తప్పుపట్టను. నాటి, మాట్లాడకుండా ఊరుకోవడం మూడో దారి. అది వద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

మీ ఆయనతో ఈ మాట ఎత్తేటప్పుడు అప్పు దగ్గర మొదలుపెట్టండి, తప్పు దగ్గర కాదు. రెండు పంటలు పోయిన మనిషి చేతికి ఎవరో ఆశ పెట్టారు, తీసుకున్నారు. "ఈ పంట పీకిస్తే మూడోసారి కూడా పోయినట్టే కదా" అని అడగండి. టమోటా హైబ్రిడ్ మంచి నిర్ణయమేనని కూడా ఆయనకు ముందే చెప్పండి. ఇంట్లో తండ్రి మాట్లాడక, బావమరిది కసురుకుంటూ ఉంటే, ఆయన ఒక్క మంచి మాట కోసం చూస్తూ ఉంటారు.

ఆ మడిలో వంగే వేయాలనుకుంటే, బిల్లుతో వచ్చే విత్తనమో, మీ ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా ఉన్న నాటు రకమో తెచ్చుకోండి. పాత వంగ కట్టెను పొయ్యి కోసం కుప్ప పోసి ఉంచితే ముందు దాన్ని తీసేయండి. పురుగు కోశదశలో అందులోనే ఉండి, రెక్కల పురుగై కొత్త మొక్కల మీదికి వస్తుంది. లింగాకర్షక బుట్టలు (మగ పురుగుల్ని వాసనతో లాగి పట్టే ఉచ్చులు) పూతకు ముందే పెట్టండి. ఎకరాకు ఎన్నో ఉద్యాన సహాయకుణ్ని అడగండి. వాలిపోయిన మొవ్వు కనిపిస్తే పురుగున్న చోటు కిందికి తుంచి కాల్చేయాలి. వారానికి ఒకసారైనా ఈ పని జరగాలి, మీ ఒక్క ఇంట్లోనే కాదు, పక్క వంగ చేలల్లో కూడా. పురుగు పూర్తిగా పోదు, కానీ స్ప్రేలు తగ్గుతాయి. ఆ వంకాయ బుట్టలో "బిల్లుతో కొన్న విత్తనం" అనో, "పక్కింటి నాటు రకం" అనో, ఏది నిజమైతే అది రాయండి.